బొమ్మ ఎక్కడ ఆపాలి? తరగతి గదిలో సినిమా – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బడుల్లోకి పెద్ద డిజిటల్ తెరలు (ప్యానెళ్లు), స్మార్ట్ టీవీలు వచ్చాక సినిమాతో పాఠం చెప్పడం గురించి గోదావరి జిల్లాల ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు వరసగా ఉత్తరాలు రాస్తున్నారు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఈ నెల జవాబులిస్తున్నాం. చాలామంది పేరు వేయొద్దన్నారు కనుక ఊళ్లు మాత్రమే వేశాం.

పదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. జాతీయోద్యమం పాఠానికి ‘గాంధీ’ సినిమా మొత్తం చూపిద్దామనుకున్నాను. సిలబస్ వెనకబడుతుందని మా హెడ్మాస్టారు ఒప్పుకోవడం లేదు. ఆయనకి ఎలా నచ్చజెప్పాలండీ?
– ఉపాధ్యాయిని, అమలాపురం దగ్గర ఉన్నత పాఠశాల

ఈ విషయంలో మీ హెడ్మాస్టారి మాటే సబబు. 1982లో వచ్చిన ఆ సినిమా నిడివి 191 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్లు నాలుగు పెట్టినా పూర్తి కాదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. మూడు గంటలు చూసిన పిల్లాడికి కథ గుర్తుంటుంది, పాఠం గుర్తుండదు. మీకు కావలసింది అయిదు నిమిషాల ముక్క ఒక్కటే. ధరాసనలో సత్యాగ్రహులు ఉప్పు కొటారు గేటు వైపు వరసలు వరసలుగా నడిచే సన్నివేశం తీసుకోండి. దెబ్బలు కళ్లకు కట్టినట్టు ఉంటాయి కనుక పదో తరగతికే వాడండి. ఏడు, ఎనిమిది తరగతులకు దండి ఒడ్డున ఉప్పు పిడికిట్లోకి తీసుకునే ఘట్టం చాలు.

పీరియడ్‌ను ఇలా పంచుకోండి. మొదటి ఏడు నిమిషాలు తెర వెలగకూడదు. గుజరాత్ పటం మీద దండి, ధరాసన ఎక్కడున్నాయో చూపించి బోర్డు మీద రెండు ప్రశ్నలు రాయండి. చూస్తేనే జవాబు దొరికే ప్రశ్నలు కావాలి. ‘ముందు వరస పడిపోగానే వెనక ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు?’, ‘దెబ్బలు తిన్నవాళ్లను ఎవరు మోసుకెళ్తున్నారు?’ లాంటివి. ‘అహింస అంటే ఏమిటి?’ అని రాస్తే పిల్లలు తెర చూడరు, గైడులో చదివింది గుర్తు తెచ్చుకుంటారు.

తర్వాత అయిదు నిమిషాలు ఎక్కడా ఆపకుండా చూపించండి. మీరు మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. అవగానే తెర ఆర్పేసి రెండు నిమిషాలు ఎవరికి వాళ్లను రాసుకోనివ్వండి. ఈ రెండు నిమిషాలు దాటేస్తే, ముందు బెంచీలో చురుగ్గా ఉండే నలుగురు చెప్పిందే క్లాసంతా ఒప్పేసుకుంటుంది.

రెండోసారి వేసినప్పుడు రెండు చోట్ల, మహా అయితే మూడు చోట్ల ఆపండి. మొదటి వరస గేటు ముందుకు వచ్చి నిలిచిన క్షణంలో ఆపి, ‘కెమెరా ఎవరి పక్కన ఉంది? పోలీసుల వెనక పెట్టి తీస్తే మనకి ఎలా అనిపించేది?’ అని అడగండి. పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. తెర మీద కనిపించేదాన్ని ఒకరు ఎంచి చూపిస్తున్నారని పిల్లలకు తెలిసేది బొమ్మ కదలకుండా నిలిచినప్పుడే. మూడుకి మించి ఆపితే సన్నివేశం ముక్కలైపోయి పిల్లలు విసుక్కుంటారు.

ఇదంతా పీరియడ్‌లో 25వ నిమిషానికి ముగియాలి. మిగతా సమయం పుస్తకానిది. ధరాసన ఘటన జరిగింది 1930 మే 21న. అప్పటికి గాంధీజీ జైల్లో ఉన్నారు, ఆయన్ని మే 5నే అరెస్టు చేశారు. సత్యాగ్రహులను నడిపించింది సరోజినీ నాయుడు. లోకానికి ఆ వార్త అందించిన అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్. సినిమాలోని విలేకరి పేరు మాత్రం వాకర్, అది కల్పించిన పాత్ర. ఈ తేడాలు మీరు చెప్పకుండా పిల్లలతోనే పట్టించండి. ఆఖరి ఎనిమిది నిమిషాల్లో విలేకరి పంపిన తంతి వార్తలా అయిదు వాక్యాలు రాయించండి. చూసినది మాత్రమే రాయాలి, అభిప్రాయం రాయకూడదు అని షరతు పెట్టండి. ఆ కాగితాలు హెడ్మాస్టారికి చూపించండి. ఆయనకి నచ్చజెప్పడానికి అంతకంటే మంచి దారి లేదు.

సినిమా పాఠం చెడేది సాధారణంగా ఒకే చోట. బొమ్మ అయిపోయేసరికి గంట కొట్టేస్తారు, చర్చ రేపు చేద్దామంటారు. మర్నాటికి ఆ వేడి మిగలదు.

అల్లూరి సీతారామరాజు, కొమురం భీం స్నేహితులనీ, ఢిల్లీలో కలిశారనీ మా పిల్లలు పరీక్షలో రాసేస్తున్నారు. సినిమాలు చూడొద్దనాలా?
– సాంఘిక శాస్త్రం మాస్టారు, తణుకు

చూడొద్దంటే చూడడం మానరు, మీతో చెప్పడం మానేస్తారు. 2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ కల్పిత కథ. ఆ సంగతి ఆ సినిమా మొదట్లోనే తెర మీద రాసి ఉంటుంది. పిల్లలు దాన్ని చదవరు, ఎందుకంటే అది చదవాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పాఠం అక్కడే మొదలుపెట్టండి. ఆ ప్రకటన ఉన్న ఫ్రేమ్ దగ్గర ఆపి, ఒక పిల్లాడితో బిగ్గరగా చదివించి, ‘ఇది ఎందుకు రాశారు?’ అని అడగండి.

తర్వాత నోటుపుస్తకంలో మూడు గడులు గీయించండి. మొదటి గడిలో తెర మీద చూసినది, రెండో గడిలో చరిత్రలో జరిగినది, మూడో గడిలో దర్శకుడు ఎందుకు మార్చి ఉంటాడు అన్నది రాయాలి. రెండో గడికి కావలసిన వివరాలు ఇవి. సీతారామరాజు పుట్టింది 1897 జూలై 4. మన్యంలో పోడు వ్యవసాయం మీద అటవీ ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి చాకిరీ తిరుగుబాటుకి కారణాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. కొమురం భీం ఆసిఫాబాద్ అడవుల గోండు వీరుడు. పోరాడింది నిజాం ప్రభుత్వంతో, చనిపోయింది 1940లో జోడేఘాట్ దగ్గర. ఒకరిది బ్రిటిష్‌వాళ్లు నేరుగా ఏలిన మద్రాసు ప్రెసిడెన్సీ, మరొకరిది నిజాం ఏలిన హైదరాబాదు సంస్థానం. రెండు ప్రాంతాలనూ పటం మీద రంగులేయిస్తే, ఇద్దరి శత్రువూ ఒకరు కాదన్నది పిల్లలకు దానంతటదే తెలుస్తుంది.

మూడో గడికి సరైన జవాబంటూ ఒకటి ఉండదు కనుక ఎక్కువ సమయం దానికే ఇవ్వండి. ‘ఇద్దరు వీరుల్ని కలిపితే చూడ్డానికి బాగుంటుంది’ అని ఒకరంటారు, ‘అన్ని ప్రాంతాలవాళ్లూ చూస్తారని’ అని ఇంకొకరంటారు. ఈ గడి నింపిన పిల్లలు ఆ తర్వాత ఏ చారిత్రక సినిమా చూసినా వివరం వెతుక్కుంటారు. పదో తరగతి చరిత్ర పుస్తకంలో గూడెం కొండల తిరుగుబాటు (సీతారామరాజు మన్యం పోరాటమే) ప్రస్తావన ఉంది. రెండో గడిని దానితో సరిచూడమనండి.

మా తమ్ముడు, నేను కలిసి చిన్న ప్రైవేటు బడి నడుపుతున్నాం. పిల్లలకు సినిమా వేస్తే కాపీరైటు కేసు పెడతారా? పది రూపాయలు టికెట్టు పెట్టి ఊళ్లోవాళ్లను కూడా పిలవొచ్చా?
– కరస్పాండెంట్, భీమవరం

కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ బడులకు మినహాయింపు ఇచ్చింది. విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సినిమా వేయవచ్చు. చూసేవాళ్లు మాత్రం ఉపాధ్యాయులు, సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, ఆ సంస్థ పనులతో సంబంధం ఉన్నవాళ్లు అయి ఉండాలి. ఊళ్లోవాళ్లందరినీ పిలిచిన రోజున ఆ మినహాయింపు మీకు వర్తించదు. టికెట్టు అసలు వద్దు. డబ్బు పుచ్చుకుంటే అది బడి కార్యక్రమం అని నిలబెట్టుకోవడం కష్టం.

ఇంకో రెండు సంగతులు. మినహాయింపు ప్రదర్శనకే గానీ దొంగ ప్రింటుకి కాదు. ఓటీటీ చందాలు చాలామటుకు ఇంటి వాడకానికే ఇస్తారు, వాటి షరతులు చదువుకోండి. మన దేశంలో సినిమా మీద కాపీరైటు, విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన 1964 దాకా విడుదలైనవాటి గడువు 2024 చివరికి తీరిపోయింది. అంటరానితనం మీద 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ లాంటి చిత్రాలు అందులోకి వస్తాయి. సాంఘిక దురాచారాల పాఠాలకు ఆ కాలపు సినిమాలు గని లాంటివి, ఎవరూ తవ్వడం లేదు.

సెన్సారు సర్టిఫికెట్ కూడా చూడండి. 2024 నిబంధనలతో యూఏ (పిల్లలు పెద్దల సలహాతో చూడాల్సిన) విభాగాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. పాత సినిమాల మీద వయసు లేకుండా యూఏ అని మాత్రమే ఉంటుంది. అలాంటిదైతే మీరు ముందు మొత్తం చూసి తీరాలి. వేసేది అయిదు నిమిషాలే అయినా, ఇంటికెళ్లాక పిల్లలు మిగతాది వెతికి చూస్తారు.

సినిమా ఫైట్లు భౌతిక శాస్త్రానికి పూర్తి విరుద్ధం. వాటిని తిట్టడానికి తప్ప పాఠానికి వాడుకోగలమా?
– భౌతిక శాస్త్రం ఉపాధ్యాయుడు, రామచంద్రపురం

తిట్టనక్కర్లేదు, కొలవండి. తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠానికి దీనికి మించిన సాధనం లేదు. ముందు నిజమైన పతనాన్ని పిల్లలచేత తీయించి, తర్వాత సినిమా దగ్గరికి వెళ్లండి.

కావలసినవి ఒక ఫోను, టెన్నిస్ బంతి, గోడ, సుద్దముక్క, టేపు. గోడ మీద కింది నుంచి రెండు మీటర్ల ఎత్తు దాకా పది సెంటీమీటర్లకో గీత గీయండి. ఫోనును గోడకు మూడు మీటర్ల దూరంలో, ఒక మీటరు ఎత్తున, బెంచీ మీద పుస్తకాలు పేర్చి కదలకుండా నిలబెట్టండి. చేత్తో పట్టుకుంటే లెక్క చెడుతుంది. బంతిని గోడకు బెత్తెడు దూరంలో వదలాలి, విసరకూడదు. ఫోను సెట్టింగుల్లో సెకనుకు 30 ఫ్రేములు పెట్టండి.

వీడియోను కంప్యూటరులో వీఎల్‌సీ ప్లేయరుతో తెరవండి. కీబోర్డు మీద ఇంగ్లిష్ ‘ఈ’ (E) అక్షరం నొక్కిన ప్రతిసారీ ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. బంతి చెయ్యి వదిలిన ఫ్రేమ్‌ను సున్నాగా తీసుకుని, మూడేసి ఫ్రేములకు, అంటే పదో వంతు సెకనుకి, ఎంత కిందికి వచ్చిందో గీతల్ని బట్టి రాయించండి. సిద్ధాంతం ప్రకారం రావలసినవి: 4.9, 19.6, 44.1, 78.4, 122.5, 176.4 సెంటీమీటర్లు. ఒక్కో అంతరంలో పడిన దూరం 4.9, 14.7, 24.5, 34.3, 44.1, 53.9. ఇవి 1, 3, 5, 7, 9, 11 నిష్పత్తిలో ఉన్నాయని పిల్లలే కనిపెట్టాలి. మీరు ముందే చెప్పేస్తే ఆ ఆనందం వాళ్లకు దక్కదు.

రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఎప్పుడూ వస్తుంది. అంతకు మించి వస్తే కారణాలు వెతకండి. వదిలిన క్షణం రెండు ఫ్రేముల మధ్య పడి ఉండవచ్చు. బంతి గోడకు దూరంగా ఉంటే వెనక గీత తప్పుగా కనిపిస్తుంది. వెలుతురు తక్కువైతే బంతి సాగినట్టు మసకగా వస్తుంది. అలాంటప్పుడు వరండాలోకి మార్చి, ప్రతిసారీ బంతి కింది అంచునే చూసి కొలవమనండి. కొన్ని ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగం వాటంతటవే మార్చేస్తాయి. కంట్రోల్, ‘జె’ కలిపి నొక్కితే వీఎల్‌సీ ఆ వీడియో ఫ్రేముల వేగం చూపిస్తుంది.

ఇప్పుడు సినిమా ముక్క వేయండి. సినిమాకు సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములు, ఆ లెక్కే వాడాలి. కథానాయకుడు అయిదంతస్తుల మేడ మీంచి, సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి, దూకాడనుకుందాం. నిజానికి 1.75 సెకన్లలో నేల తాకాలి. తెర మీద అయిదు సెకన్లు గాల్లో ఉంటే రెండే దారులు. ఆ దృశ్యాన్ని దాదాపు మూడు రెట్లు నెమ్మదిగా చూపించి ఉండాలి, లేదా ఆ మేడ 122 మీటర్ల ఎత్తు ఉండాలి. ఎడిటరు చేసిన పని లెక్కలో పట్టుబడుతుంది. 15 మీటర్ల కొబ్బరి చెట్టు నుంచి కాయ పడడానికీ అదే 1.75 సెకన్లు. నేల తాకేటప్పటి వేగం గంటకు 62 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దింపు తీసేటప్పుడు చెట్టు కింద నిలబడొద్దని పెద్దవాళ్లు ఎందుకంటారో ఆ అంకె చెబుతుంది. ఆ కొలత కావాలంటే దూరంగా నిలబడి స్టాప్‌వాచీతో చూడండి, కెమెరాతో చెట్టు కిందికి ఎవరినీ పంపొద్దు.

ధ్వని పాఠానికి దూరపు తుపాకీ, పిడుగు దృశ్యాలు పనికొస్తాయి. గాలిలో ధ్వని వేగం సుమారు సెకనుకు 340 మీటర్లు. 680 మీటర్ల దూరంలో మెరుపు మెరిస్తే ఉరుము రెండు సెకన్ల తర్వాత వినిపించాలి. సినిమాల్లో రెండూ ఒకేసారి వస్తాయి. ఎందుకని అడగండి.

మా బడి సముద్రానికి దగ్గర. గదిలో వెలుతురు ఎక్కువ, కరెంటు నిలకడ లేదు, వెనక బెంచీలవాళ్లకు మాట వినబడదు. ఏం చేయమంటారు?
– హెడ్మాస్టారు, సఖినేటిపల్లి మండలం

తెరకు ఎదురుగా ఉన్న కిటికీలే బొమ్మను పాడుచేస్తాయి. వాటిని మాత్రం మూయండి, పక్క కిటికీలు తెరిచే ఉంచండి. అన్నీ బిగిస్తే మన ఉక్కకి పది నిమిషాల్లో పిల్లలు సినిమా వదిలేసి విసురుకుంటారు. తెర బట్టలకు డబ్బు లేకపోతే పాత ఫ్లెక్సీలు చాలు, నల్లటి వెనక వైపు గదిలోకి ఉండేలా కట్టండి. ప్యానెల్‌ను కిటికీల గోడకు లంబంగా ఉన్న గోడ మీద బిగిస్తే సగం మెరుపు పోతుంది.

ప్రొజెక్టరు అయితే 3000 ల్యూమెన్లకు (వెలుగు కొలత) తగ్గనిది తీసుకుని, బొమ్మ వెడల్పు రెండు మీటర్లు దాటనివ్వొద్దు. గోడకు మెరుపు లేని తెల్ల ఎమల్షన్ వేస్తే తెర అక్కర్లేదు. ఎనామెల్ వేస్తే మధ్యలో దీపం మెరుస్తుంది. దూరం విషయంలో, రాసిన అక్షరాలు చదవాలంటే చివరి బెంచీ బొమ్మ వెడల్పుకి నాలుగు రెట్ల లోపు ఉండాలి. 75 అంగుళాల ప్యానెల్ వెడల్పు 166 సెంటీమీటర్లు, అంటే ఆరున్నర మీటర్ల దాకా. 55 అంగుళాల టీవీ అయితే అయిదు మీటర్లు దాటకూడదు. పిల్లలు ఎక్కువైతే రెండు జట్లుగా చూపించండి.

కరెంటు లెక్క: 12 వోల్టుల 150 యాంపియర్-అవర్ల బ్యాటరీలో 1800 వాట్-అవర్లు ఉంటాయి. బ్యాటరీ పాడవకుండా సగమే వాడాలి, ఇన్వర్టరులో పోయేది తీసేస్తే మిగిలేది 720 దాకా. ప్యానెల్, లాప్‌టాప్, స్పీకర్లు కలిపి 350 వాట్లు అనుకుంటే రెండు గంటలు నడుస్తుంది. ఫ్యాన్లు కూడా అదే ఇన్వర్టరు మీద ఉంటే ఆ లెక్క చెల్లదు. దీపం ఉన్న ప్రొజెక్టరు నడుస్తుండగా కరెంటు పోతే ఫ్యాను ఆగి దీపం వేడికి చెడుతుంది. దానికి ఇన్వర్టరు తప్పనిసరి. ఆపేటప్పుడు కూడా లోపలి ఫ్యాను ఆగేదాకా ప్లగ్గు తీయొద్దు.

ఉప్పు గాలి, చెమ్మ మీ దగ్గర అసలు శత్రువులు. ఆపిన వెంటనే, వేడి మీద, ప్లాస్టిక్ కవరు తొడగొద్దు. చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. చల్లారాక నూలుగుడ్డ కప్పండి. వానాకాలం సెలవుల్లోనైనా వారానికోసారి అరగంట వేసి ఉంచండి.

శబ్దం మాటకొస్తే, స్పీకర్లను బల్ల మీద కాకుండా కూర్చున్న పిల్లల తలల కంటే ఎత్తున, గది ముందే పెట్టండి. ఖాళీ గదిలో సరిపోయిందనుకున్న శబ్దం పిల్లలు నిండాక తగ్గుతుంది. సినిమా మొదలయ్యాక చివరి బెంచీ పిల్లను ఒక మాట తిరిగి చెప్పమనండి. చెప్పలేకపోతే అప్పుడే పెంచాలి.

ఇంగ్లిష్ సినిమా వేస్తే మా పిల్లలకు ముక్క అర్థం కాదు. తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టనా, ఇంగ్లిష్‌వా?
– ఇంగ్లిష్ టీచర్, మండపేట

తెలుగు అక్షరాలు కింద కనబడితే పిల్లలు వాటినే చదువుకుంటారు, ఇంగ్లిష్ చెవికెక్కదు. ఏ భాష వింటున్నారో ఆ భాష అక్షరాలే చూపించాలి. మన దేశంలో అహ్మదాబాద్ ఐఐఎంకి చెందిన బ్రిజ్ కొఠారీ టీవీ సినిమా పాటలకు అదే భాషలో అక్షరాలు వేయించే పద్ధతిని ముందుకు తెచ్చారు. పాట తెలిసినదే కనుక కన్ను అక్షరం వెంట దానంతటదే పరుగెడుతుంది. మూడు, నాలుగు తరగతుల్లో తెలుగు తడబడుతూ చదివే పిల్లలకు తెలిసిన తెలుగు పాటతో దీన్ని తప్పకుండా చేయండి.

మీ ఇంగ్లిష్ క్లాసుకు రెండు నిమిషాల లోపు ముక్క, ఇద్దరు మాట్లాడుకునేది, ఎంచుకోండి. మొదట శబ్దం తీసేసి చూపించండి. వాళ్లు ఏమనుకుంటున్నారో పిల్లలు తెలుగులోనే ఊహించవచ్చు. ఆ ఊహల్లోంచి వచ్చిన ఎనిమిది పది మాటలకు ఇంగ్లిష్ బోర్డు మీద రాయండి. రెండోసారి సగం మందిని తెరకు వీపు పెట్టి కూర్చోబెట్టండి. చూసేవాళ్లు వినేవాళ్లకు జరిగేది ఇంగ్లిష్‌లో చెప్పాలి. ఒక్కో మాటతో చెప్పినా చాలు. మూడోసారి ఇంగ్లిష్ అక్షరాలతో, నాలుగోసారి అక్షరాలు లేకుండా. చివర ఇద్దరు లేచి అదే సంభాషణ ఆడాలి. నాలుగు సార్లు చూసినా పది నిమిషాలు మించదు.

మీరే అక్షరాలు తయారుచేసుకోవచ్చు. నోట్‌ప్యాడ్‌లో వరస సంఖ్య, కింద సమయం, దాని కింద మాట టైపు చేసి ‘.ఎస్‌ఆర్‌టీ’ (.srt) ఫైలుగా దాచాలి. ఫైలు పేరు వీడియో పేరూ ఒకటే ఉండాలి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టకపోతే తెలుగు బదులు డబ్బాలో ప్రశ్నార్థకాలో వస్తాయి. తెలుగు వచ్చినా ఒత్తులు విడిపోతుంటే వీఎల్‌సీ సబ్‌టైటిల్ సెట్టింగుల్లో ఫాంటును గౌతమికి మార్చి చూడండి. ప్యానెల్‌లోనే ఉండే ప్లేయర్లు ఒత్తులు సరిగా చూపించకపోవచ్చు. పాఠానికి ముందురోజే ప్యానెల్ మీద వేసి చూసుకోండి. నెమ్మదిగా చదివే పిల్లలకు ఒక్కో వాక్యం కనీసం మూడు సెకన్లు నిలవాలి. అక్షరాలు ముందో వెనకో వస్తే ‘జి’, ‘హెచ్’ మీటలతో సరిచేయవచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే నాలుగు జీబీకి మించిన ఫైలు ఎక్కదు. మీకు కావలసింది చిన్న ముక్కే కదా, అదొక్కటే కోసి పెట్టుకోండి.

తుపాను పాఠానికి వరద వీడియో వేస్తే లంక ఊళ్ల పిల్లలు ఇద్దరు ఏడ్చేశారు. మళ్లీ వేయాలంటే భయంగా ఉంది.
– ఉపాధ్యాయిని, ముమ్మిడివరం

భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుపాను ఈ పిల్లల ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకునే సంగతులు. చిన్న వరదైతే వాళ్లే చూసి ఉంటారు. వేసే ముందు రోజే ఏం చూపిస్తారో చెప్పండి. చూడలేననిపిస్తే బయట వరండాలో పటం గీసే పని ఇస్తానని అందరి ముందూ చెప్పండి, అప్పుడు వెళ్లినవాళ్లకు నామోషీ ఉండదు. కొట్టుకుపోతున్న మనుషులు, పశువులు ఉన్న దృశ్యాలు తీసేయండి. మేఘాల ఉపగ్రహ చిత్రాలు, హెచ్చరిక కేంద్రం, పునరావాస శిబిరం ఉన్న భాగం చాలు. శబ్దం తగ్గించండి, చాలామంది పిల్లల్ని భయపెట్టేది బొమ్మకన్నా నేపథ్య సంగీతం. పాఠం వరద దగ్గర ఆపొద్దు. ఇంట్లో ముందు ఏం సర్దుకోవాలో జాబితా రాయించి ముగించండి. లంకల పిల్లలకు అందులో మీకంటే ఎక్కువ తెలుసు, బోర్డు దగ్గరికి వాళ్లను పిలవండి.

పిల్లల్ని బడికి పంపేది సినిమాలు చూడడానికా?
– ఒక తండ్రి, పాలకొల్లు

కాదండి. మీ అబ్బాయి సాయంత్రం ఇంటికొచ్చాక ‘ఏం చూశావు?’ అని కాకుండా ‘చూసి ఏం రాశావు?’ అని అడగండి. నోటుపుస్తకంలో ఏమీ లేకపోతే ఆ పీరియడ్ వృథా అయినట్టే. తల్లిదండ్రుల సమావేశంలో ఆ మాట అడిగే హక్కు మీకుంది.

పిల్లలచేత ఫోనుతో చిన్న సినిమా తీయించాలని ఉంది. ‘మా ఊరి కాలువ’ అనుకున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్, ఆత్రేయపురం మండలం

ఒక్క నిమిషం సినిమా, పది షాట్లు, ఒక్కోటి ఆరు సెకన్లు. అంతకు మించి వద్దు. అయిదుగురు ఒక జట్టు. ఒకరు కెమెరా, ఒకరు సమయం చూడడం, ఒకరు రాయడం, ఒకరు మాట చెప్పడం, ఒకరు కాలువ గట్టు మీద ఎవరూ అంచుకి వెళ్లకుండా చూడడం. ఆ ఆఖరి పని పేరుకు పెట్టొద్దు, పెద్దవాళ్లు ఒకరు తప్పకుండా దగ్గరుండాలి.

తీయకముందు కాగితం మీద పది గడులు గీసి ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేయించండి. ఇందులోనే సగం పాఠం జరుగుతుంది. ధవళేశ్వరం ఆనకట్టను 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించారని పుస్తకంలో చదివినది, లాకుల తలుపు, పిల్ల కాలువ, చేలో మడి అన్న వరసలో ఎలా చూపించాలో వాళ్లే తేల్చుకుంటారు. నీళ్లు ఏ వైపు నుంచి వస్తున్నాయో ప్రతి షాట్లోనూ ఒకే దిశలో కనబడాలి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి తీస్తే చూసేవాళ్లకు కాలువ వెనక్కి ప్రవహించినట్టు ఉంటుంది. ఈ పొరపాటు మొదటిసారి ప్రతి జట్టూ చేస్తుంది. గట్టుకు ఒకే వైపు నిలబడి తీయమంటే సరిపోతుంది.

ఫోను అడ్డంగా పట్టుకోవాలి. మోచేతులు ఒంటికి ఆనించాలి. జూమ్ చేయకూడదు, నడిచి దగ్గరికి వెళ్లాలి. ప్రతి షాటూ రెండు సెకన్లు ముందుగా మొదలుపెట్టి రెండు సెకన్లు ఆలస్యంగా ఆపితే కోసుకోవడానికి వీలుంటుంది. గట్టు మీద గాలి మైకులో హోరుమంటుంది. మాటలు అక్కడ రికార్డు చేయకుండా, తర్వాత తలుపులు మూసిన గదిలో చెప్పించి కలపండి. ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత వెలుతురు బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం నీళ్లన్నీ తెల్లటి మెరుపుగా వస్తాయి.

పిల్లల ముఖాలు కనబడితే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. లాకుల మీద తీయాలంటే అక్కడి సిబ్బందిని ముందు అడగండి. ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టేసి నీళ్లు ఆపాక, బడి సెలవులకు ముందు, అవే పది చోట్ల నిలబడి మళ్లీ తీయించండి. రెండు సినిమాలూ తెర మీద పక్కపక్కన వేసి, పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.